శస్త్రచికిత్సానంతరము మూత్రకోశ సంరక్షణము

పరకాల ప్రాంతపు పల్లె నుండి ఒక సోదరి మాకు వ్రాసిన ఉత్తరముతో ఈ ప్రసంగమును ఆరంభించుచున్నాము. ఆమెకు నలువది నాలుగేండ్లు. గర్భసంచిలో గడ్డలున్నవని వైద్యులు ఆపరేషను చేసిరి. కుట్లు చక్కగా మానినవి. ఆరవనాడు ఆమె ఇల్లు చేరినది. ఇంటి పెద్దలు మిక్కిలి ప్రేమతో పథ్యము పెట్టిరి. నీరు ఎక్కువ త్రాగినచో కుట్లు చీము పట్టునని తలచి, దినమునకు రెండు మూడు గ్లాసులకు మించి ఇయ్యలేదు. పదవనాటికి ఒంటేలు మంట మొదలైనది. ఎవరితోనైన చెప్పుటకు ఆమె సిగ్గుపడినది. పన్నెండవనాటి రాత్రి వణకుతో జ్వరము వచ్చి, నడుము ప్రక్కన నొప్పి పుట్టి, మరల ఆసుపత్రిలో చేరవలసివచ్చినది. "ఆపరేషను మంచిగనే అయింది గదా, మరి ఈ జరమెక్కడిది?" అని ఆమె మమ్ము అడిగినది.

మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రము తేల్చి చెప్పిన మాటను ఇంటివారికి తెలియునట్లు విడమరచి చెప్పుట మా పని. ఆ సోదరి ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాల, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, హనుమకొండలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్న మన జంటపట్టణములకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ వైపుల నుండి స్త్రీలు చికిత్సకై వచ్చుచుందురు. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడుడు. పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల వరకు వయసుగల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు కాగా, తెలంగాణమున దాదాపు ఎనమండుగురు, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు. కావున ఈ విషయము తెలుగువారి ఇండ్లకు మరింత దగ్గరిది.

ముందుగా శరీర నిర్మాణమును గూర్చి రెండు మాటలు. స్త్రీ శరీరమున మూత్రకోశమునకు వెనుకనే గర్భసంచి ఉండును. ఒకే గోడకు ఇరువైపుల ఉన్న గదులవలె అవి అంత దగ్గరివి. కావున గర్భసంచిపై కత్తి పెట్టునపుడు వైద్యులు మూత్రకోశమును మెల్లగా ప్రక్కకు తప్పింపవలసి వచ్చును. ఆ మూత్రకోశము నుండి వెలుపలికి వచ్చు దారి స్త్రీలలో సుమారు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. పురుషులలో అది అనేక రెట్లు పొడవు. పైగా స్త్రీలలో ఆ ద్వారమునకు మలద్వారము సమీపమున ఉన్నది. మన ప్రేగులలో సహజముగా నివసించు ఎషెరికియా కోలి అను సూక్ష్మజీవి అచట ఉన్నంతకాలము మనకు హాని చేయదు. దానిని 1885లో థియొడార్ ఎషెరిక్ అను జర్మన్ వైద్యుడు వర్ణించెను. అదే జీవి మూత్రమార్గమున ప్రవేశించినచో మంటకు, జ్వరమునకు మూలమగును. మూత్రపు రోగములలో అధికభాగమునకు కారణము ఇదియే.

అయినను ఆరోగ్యవంతురాలైన స్త్రీకి ప్రతిదినము ఈ వ్యాధి రాదేల? ఓరుగల్లు ప్రాంతమువారికి దీని సమాధానము సులభముగా తెలియును. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులను చూచినవారము మనము. తూము తెరచి నీరు పారుచున్న కాలువలో పాచి నిలువదు. నీరు కదలక నిలిచిన మడుగునకే పాచి పట్టును. మూత్రకోశము కూడ అట్టి చెరువే. కొన్ని గంటలకొకమారు అది నిండును, పూర్తిగా ఖాళీ అగును. లోనికి ప్రాకిన సూక్ష్మజీవులు ఆ ప్రవాహములో కొట్టుకొనిపోవును. ప్రకృతి మనకిచ్చిన మొదటి రక్షణ ఇదియే.

శస్త్రచికిత్స ఈ రక్షణను కొన్నాళ్ళు భంగపరచును. నడుములోనికి మందు ఎక్కించి తిమ్మిరి కలిగించినపుడు మూత్రకోశము నిండినదన్న స్పృహ కొంతసేపు ఉండదు. కుట్ల నొప్పివలన రోగి లేచుటకు జంకును. మలబద్ధకము వచ్చినచో ఆ ఒత్తిడికి మూత్రము పూర్తిగా వెడలదు. గర్భసంచితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో, స్త్రీ శరీరమునకు సహజమైన ఈస్ట్రోజెన్ అను రసము తగ్గి, మూత్రమార్గపు పొర పలుచబడి, వ్యాధి సోకుట సులభమగును. మధుమేహమున్నవారికి ఈ ప్రమాదము మరింత హెచ్చు. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. అది మూత్రపు గొట్టము.

ఆపరేషను వేళ మూత్రకోశము ఖాళీగా ఉండుటకును, తరువాత ఎంత మూత్రము వచ్చుచున్నదో కొలుచుటకును ఈ గొట్టమును వేయుదురు. దాని కొనయందు చిన్న బుడగ ఉండును. లోపలికి చేరిన పిమ్మట ఆ బుడగను నీటితో నింపుదురు. అందుచేత గొట్టము జారిపోదు. అమెరికా దేశపు వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ 1930ల దశకములో దీనికి రూపము కల్పించుటచే నేటికిని దానిని ఫోలీ గొట్టమనియే పిలుతురు. ఇది ఎందరినో కాపాడిన సాధనము, అందు సందేహము లేదు. కాని చెరువుకట్టను తొలిచి ఒక గొట్టమును పెట్టి, దానిని రాత్రింబవళ్ళు తెరచియుంచినట్లు ఊహింపుడు. నీరు పోవుచుండును గాని, ఆ గొట్టపు గోడలవెంట పాచి కూడ లోనికి ప్రాకుచుండును. మూత్రపు గొట్టమున జరుగునది అట్టిదే. సూక్ష్మజీవులు దాని గోడలనంటి జిగురువంటి పొరను కట్టుకొనును. ఆ పొర మాటున దాగినవాటిని ఎంత శక్తిగల మందైనను సులభముగా చంపజాలదు.

ఈ సంగతి వైద్యలోకము క్రమముగా తెలిసికొన్నది. 1958లో పాల్ బీసన్ అను వైద్యాచార్యుడు, గొట్టమును అలవాటుగా వాడరాదని వాదించుచు ఒక సంపాదకీయమును ప్రకటించెను. ఆనాడు గొట్టపు రెండవకొనను మూతలేని సీసాలో ఉంచెడివారు. నాలుగు దినములు గడచునప్పటికి దాదాపు రోగులందరి మూత్రములో సూక్ష్మజీవులు చేరుచుండెను. 1966లో క్యూనిన్, మెక్‌కార్మాక్ అను ఇరువురు వైద్యులు, గొట్టమును మూసియున్న సంచికే కలిపియుంచి ఎడమును తెరువకుండినచో ఈ కీడు చాల తగ్గునని చూపిరి. నేడు మంచము ప్రక్కన వ్రేలాడు ప్లాస్టికు సంచి ఆ పరిశోధనకు ఫలమే. అయినను కీడు తగ్గినది గాని పోలేదు. గొట్టము ఉన్న ఒక్కొక్క దినమునకు నూటికి మూడు మొదలు ఏడుగురి మూత్రములో క్రొత్తగా సూక్ష్మజీవులు చేరునని వైద్యుల లెక్క. దినములు పెరిగినకొలది ఆ లెక్కయు పెరుగుచుండును.

కావున ఈ ప్రసంగమంతటిలో శ్రోతలు ఒక్కమాట మాత్రమే జ్ఞాపకముంచుకొనదలచినచో అది ఇది: గొట్టము ఎంత త్వరగా తీసిన అంత మేలు. చిక్కులులేని గర్భసంచి ఆపరేషను తరువాత ఇరువది నాలుగు గంటలలోపలనే తీయుట మంచిదని నేటి వైద్యమార్గదర్శకములు చెప్పుచున్నవి. మూత్రకోశమునకు గాయమై కుట్లు వేసినపుడు, మూత్రము కారు రంధ్రమును మూసినపుడు, మరికొన్ని ప్రత్యేక శస్త్రచికిత్సలలో, గొట్టమును అనేక దినములు ఉంచవలసి వచ్చును. అది వైద్యుడే నిర్ణయింపవలెను. రోగి గాని బంధువులు గాని దానిని స్వయముగా లాగరాదు. లోన బుడగ ఉన్నదని చెప్పితిమి గదా, లాగినచో మార్గము చీలిపోవును. కాని ప్రతి ఉదయము వైద్యుడు వచ్చినపుడు, "అయ్యా, ఈ గొట్టము ఈ దినము కూడ అవసరమా?" అని మర్యాదగా అడుగుటకు ప్రతి ఇంటివారికిని హక్కు ఉన్నది. వార్డులో పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నపుడు ఈ ఒక్క ప్రశ్న ఎవరు జ్ఞప్తికి తెచ్చినను మేలే.

గొట్టము ఉన్నంతవరకు రోగి ప్రక్కన కూర్చుండు తల్లియో, చెల్లెలో, కోడలో గమనింపవలసిన నియమములు కొన్ని కలవు. సంచి ఎల్లప్పుడు మూత్రకోశముకంటె క్రిందుగా ఉండవలెను. మంచపు కమ్మికి తగిలింపవలెను గాని నేలపై పెట్టరాదు. రోగిని ఒక మంచము నుండి మరియొక మంచమునకు మార్చునపుడు, చక్రముల బల్లపై తీసికొనిపోవునపుడు, సంచిని ఆమె పొట్టపై పెట్టుట మనము తరచుగా చూచుచుందుము. ఇది చాల తప్పు. సంచిలోని మూత్రము వెనుకకు పారి మూత్రకోశమున చేరును. మార్చుటకు ముందే సంచిని ఖాళీ చేయింపవలెను. గొట్టము మెలిపడకుండ, రోగి శరీరము క్రింద నలుగకుండ చూడవలెను. ఖాళీ చేయునపుడు క్రిందనున్న చిన్న కుళాయినే తెరువవలెను. పట్టు పాత్ర శుభ్రమైనదై, ఒకే రోగికి వాడునదై యుండవలెను. కుళాయి కొన పాత్రను తాకరాదు. ముందును వెనుకను సబ్బుతో చేతులు కడుగవలెను. గొట్టమునకును సంచికిని నడుమనున్న కీలును ఎన్నడును విడదీయరాదు. దినమునకొకమారు ఆ భాగమును సబ్బు, నీటితో మృదువుగా శుభ్రము చేసిన చాలును.

గొట్టము తీసిన తరువాత పని ముగిసినదని తలపరాదు. సుమారు ఆరు గంటలలోపల రోగి తనంతట తాను మూత్రము పోవలెను. పోలేకపోయినచో, లేక పొత్తికడుపు బిగిసి బరువుగా ఉన్నచో, బొట్లుబొట్లుగా మాత్రమే వచ్చుచున్నచో, వెంటనే నర్సమ్మకు చెప్పవలెను. పడుకొని పళ్ళెములో పోవుటకంటె, వైద్యులు అనుమతించినంతనే లేచి కూర్చుండి పోవుట మేలు. ఒకమారు పోయిన పిమ్మట రెండు నిమిషములు ఆగి మరల ప్రయత్నించినచో మిగిలిన మూత్రము కూడ వెడలును. మెల్లగా నడుచుట ప్రేగులకును, రక్తప్రసారమునకును, మూత్రకోశమునకును మేలు.

ఇక ఇల్లు చేరిన తరువాతి మాట. పరకాల సోదరి ఉత్తరములోని నీటి పథ్యమును గూర్చి స్పష్టముగా చెప్పవలసియున్నది. త్రాగిన నీరు కుట్లలోనికి పోదు. అది రక్తమున కలిసి, మూత్రపిండములలో వడకట్టబడి, మూత్రమై వెడలిపోవును. కుట్లు చీము పట్టుటకు కారణము సూక్ష్మజీవులే గాని నీరు కాదు. పెద్దలు ప్రేమతోనే ఆ నియమము పెట్టిరి. కాని నీరు తగ్గినచో చెరువులో ప్రవాహము తగ్గును, తూము పారదు, పాచి పట్టును. మన వేసవిలో చెమటగా పోవు నీరు కూడ ఎక్కువ. కావున వైద్యులు త్రాగవచ్చునని చెప్పిన పిమ్మట దినమునకు సుమారు రెండు లీటర్ల నీరు, ఎండకాలమున అంతకు మించి, కొంచెము కొంచెముగా త్రాగవలెను. మజ్జిగ, గంజి, పలుచని చారు కూడ ఈ లెక్కలోనివే. మూత్రము లేత గడ్డిరంగున ఉన్నచో నీరు చాలినట్లు; ముదురు పసుపు రంగున ఉన్నచో చాలనట్లు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగి ఎంత త్రాగవలెనో నిర్ణయించుకొనవలెను.

నీరు త్రాగిన స్త్రీకి పోవుటకు చోటు కూడ ఉండవలెను గదా! మరుగుదొడ్డి దూరమున ఉన్నదనియో, తలుపు సరిగా లేదనియో, చీకటిపడు వరకు ఆగుదమనియో నీరు మానుకొను స్త్రీలు మన పల్లెలలో, బస్తీలలో ఇంకను కలరు. మిరపచేలలో కూలికి పోవువారికి ఈ బాధ బాగుగా తెలియును. ఆపరేషను అయిన ఇల్లాలికి దారి చూపు దీపము, పట్టుకొనుటకు ఒక చేయి, శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పాటు చేయుట ఇంటి మగవారి బాధ్యతయని మా మనవి. మూడు నాలుగు గంటలకొకమారు, తొందర కలుగకపోయినను, పోయి రావలెను. కడుగుకొనునపుడు ముందు నుండి వెనుకకే కడుగుకొనవలెను. మురికి చంపు ఘాటైన మందులను, సువాసన ద్రవములను ఆ భాగమున వాడరాదు. అవి మేలు చేయు సూక్ష్మజీవులను కూడ చంపును. మలబద్ధకము రాకుండ ఆకుకూరలు, పండ్లు తినవలెను. మధుమేహమున్నవారు రక్తములోని చక్కెరను అదుపున ఉంచుకొనవలెను.

మందుల మాట వచ్చినది. కుట్లు చీము పట్టకుండుటకై శస్త్రచికిత్స ఆరంభించుటకు ముందు ఒక గంటలోపల సూదిమందు ఇచ్చుట ఆచారము, అది అవసరము. కాని గొట్టము ఉన్నదను కారణముచే, జబ్బు రాకముందే దినముల తరబడి సూక్ష్మజీవనాశక మాత్రలు మ్రింగుట అందరికి వాడుకగా చేయదగినది కాదని 2009లో అమెరికా రోగనివారణ కేంద్రము వారి మార్గదర్శకములు చెప్పినవి. అట్లు మ్రింగినచో బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, మందునకు లొంగనివి మిగిలి పెరుగును. పొరుగింటి అమ్మకు మిగిలిన మాత్రలు, మందుల దుకాణమువాడు చేతికిచ్చిన మాత్రలు ఈ కారణము చేతనే ప్రమాదకరము. మంట కలిగినచో మొదట మూత్రపరీక్ష. ఆరంభధారను విడిచి నడిమిధారను శుభ్రమైన సీసాలో పట్టవలెను. మాత్రలు మొదలిడుటకు ముందే పట్టవలెను. ఏ సూక్ష్మజీవి ఉన్నదో, ఏ మందునకు అది లొంగునో ఒకటి రెండు దినములలో తెలియును. ఏ బాధయు లేకుండ మూత్రములో కొన్ని సూక్ష్మజీవులు కనిపించినంత మాత్రమున ప్రతివారికిని మందు అవసరము కాదని కూడ తెలిసికొనవలెను.

పత్రికలలో క్రాన్‌బెర్రీ అను పండు పేరు శ్రోతలు చూచియుందురు. 2015లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమువారు స్త్రీల శస్త్రచికిత్సల తరువాత దీనిని పరీక్షించిరి. నూట అరువదిమంది స్త్రీలలో సగముమందికి ఆ పండ్ల రసపు పొడి బిళ్ళలు, సగముమందికి ఉత్త బిళ్ళలు ఆరు వారములు ఇచ్చిరి. ఉత్త బిళ్ళలు తిన్న ఎనుబదిమందిలో ముప్పదిమందికి మూత్రవ్యాధి సోకగా, పండ్ల బిళ్ళలు తిన్న ఎనుబదిమందిలో పదునైదుగురికి సోకినది. ఇది ఆశ కలిగించు ఫలితమే గాని, ఒక చిన్న పరీక్షతో అంతయు తేలదు. మన అంగళ్ళలో వాక్కాయను క్రాన్‌బెర్రీయని చెప్పి అమ్ముట కలదు. ఆ రెండును వేరువేరు కుటుంబముల మొక్కలు. వాక్కాయ పప్పు రుచికి తినవచ్చును. మూత్రవ్యాధికి మందుగా నమ్మరాదు. ఖరీదైన బిళ్ళలు కొనలేని ఇల్లాలు చింతింపనక్కరలేదు. శుభ్రమైన మంచినీరు, తొందరగా తీసిన గొట్టము ఆమెకు అందుబాటులోనివే.

చివరగా ప్రమాద చిహ్నములు. మూత్రము పోవునపుడు మంట, మాటిమాటికి పోవలెననిపించుట, పొత్తికడుపులో నొప్పి, మూత్రమున రక్తము కనిపించిన ఆ దినముననే వైద్యునకు చెప్పవలెను. వణకుతో జ్వరము, నడుము ప్రక్కన నొప్పి, వాంతులు, మగత కలిగినచో వ్యాధి మూత్రపిండములకు, రక్తమునకు ప్రాకుచున్నదని గ్రహించి, రాత్రియైనను ఆగక ఆసుపత్రికి పోవలెను. తెలియకుండనే మూత్రము నిరంతరము కారుచుండినచో అది ఉత్త బలహీనత కాదు. మూత్రకోశమున రంధ్రము పడియుండవచ్చును. దానిని దాచుకొని మూలన కూర్చుండనక్కరలేదు, చికిత్స కలదు.

మరియొక మాట చెప్పి ముగింతుము. అన్నిటికంటె మంచి నివారణ, అవసరములేని శస్త్రచికిత్సను చేయించుకొనకుండుటయే. గర్భసంచి తీయవలెనని చెప్పినపుడు, మందులతో నయము కాదా, మరియొక మార్గము లేదా అని అడుగుట, రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుట వైద్యుని అవమానించుట కాదు. అవసరమైనపుడు భయపడి మానుకొనుటయు తగదు.

పరకాల సోదరి కోలుకొన్నదని రెండవ ఉత్తరమున వ్రాసినది. ఇపుడు ఆమె ఇంట ఎవరికి ఆపరేషను జరిగినను మంచము ప్రక్కన మంచినీళ్ళ చెంబు తానే నింపి పెట్టుచున్నదట. ఒంటేలు మంటను గూర్చి కోడలితో సిగ్గుపడక మాటలాడుచున్నదట. "నేను నోరు తెరిచి చెప్పింటే రెండు దినాల ముందే తగ్గు" అని ఆమె వ్రాసిన మాటను శ్రోతలందరు తమ ఇండ్లలో ఒకమారు బిగ్గరగా చదువవలెనని మా కోరిక.